అవుసులాయన చాయ్‌కి పిలిస్తే

పెళ్లి విందులో నేను నెమ్మదిగా భోంచేసి చాలా ఏళ్లయింది. విస్తట్లో పప్పు పడేలోపే పక్కనున్నావిడ మెడలో గొలుసు ముందుకు లాగి, "అన్నా, జర చూడు, అసలేనా?" అంటుంది. ఎదుటి వరుసలో కూర్చున్నాయన అన్నం కలిపే చేత్తోనే వేలి ఉంగరం తిప్పి తిప్పి చూపిస్తాడు. నేను ఎవరేం అడిగినా "పప్పు బాగుంది" అంటాను. ఇలా అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది నిజం కాదు, "అసలే" అన్న ఒక్క మాట. ఆ మాట చెప్పడానికి నేనెందుకు, నగ అమ్మిన దుకాణంవాడు చాలడా?

నా పేరు ఉపేంద్రాచారి. మాది జనగామ. మా నాయిన అవుసుల పని, అంటే కంసాలి పని చేసేవాడు. తల్లి బంగారమైనా కంసాలి దొంగిలించక మానడని లోకంలో ఒక సామెత ఉంది కదా, ఆ సామెత ఎవరైనా అన్నప్పుడల్లా మా అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చెవి కమ్మల మీదికి వెళ్లేది. మా నాయినకు అది చూసి ఒళ్లు మండేది. కుంపటి దగ్గర కూర్చునే రోజులు పోయి అందరూ తయారు నగలు కొనుక్కోవడం మొదలయ్యాక, నేను బ్యాంకులో బంగారం చూసే పనికి కుదిరాను. మొదట జనగామ, తర్వాత కాగితాల మీద మహబూబాబాద్ అని రాసి అందరూ మానుకోట అని పిలిచే ఊరు, చివరికి భూపాలపల్లి. ప్రమోషన్ల సంగతి అడగకండి. చారి సారుగా ఎక్కాను, చారి సారుగా దిగాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్లు చేసి, "సార్, నకిలీ ఎలా పట్టుకోవాలి?" అని అడుగుతున్నారు. పట్టుకోవడం సులువే. పట్టుకున్నాక ఏం చేయాలన్నదే కష్టం. నాకు తెలిసిన రెండూ రాస్తున్నాను.

సొమ్మును వెనక్కి తిప్పి చూడు

నగ ముందు భాగం అందరికీ చూపించడానికి చేస్తారు. అవుసులవాడు చూడాల్సింది వెనక భాగం. గొలుసైతే కొక్కెం దగ్గర, ఒక రింగు ఇంకో రింగుతో రాసుకునే చోట, గాజైతే లోపలి అంచున చూడాలి. పైపూత ముందుగా అరిగేది అక్కడే. లోపల రాగి ఉంటే ఎర్రగా, ఇత్తడి ఉంటే పాలిపోయిన పసుపుగా తొంగిచూస్తుంది. తర్వాత అరచేతిలో పెట్టుకుని బరువు చూడు. బంగారం కనిపించినదానికంటే బరువుంటుంది. అరచేతుల మధ్య బాగా రుద్ది వాసన చూడు. ఇత్తడికి, రాగికి ఒక వాసన ఉంది, బంగారానికి ఏ వాసనా లేదు.

ఆపైన గీటురాయి. నల్లటి రాయి మీద నగతో గీత గీసి, గీత మీద ఆసిడ్ చుక్క వేస్తే రాగి, ఇత్తడి ఆకుపచ్చగా పొంగి మాయమవుతాయి. మంచి బంగారం గీత అలాగే ఉంటుంది. పూత మందంగా ఉందని అనుమానమొస్తే ఒకే చోట రెండు మూడుసార్లు గట్టిగా గీయాలి. గుండ్ల దండ వస్తే గుర్తుంచుకోండి, గుండు లోపల బోలు, అందులో లక్క నింపుతారు. అది మోసం కాదు, గుండు నొక్కుకుపోకుండా చేసే ఏర్పాటు. తూకంలో లక్క బరువు తీసేస్తే సరిపోతుంది. హాల్‌మార్క్ ఉంటే ఆ నంబరు ఫోన్లో సరిచూసుకోండి. లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి, పాత నగలకు ఆ ముద్ర ఎక్కడుంటుంది?

ఫోన్లో వచ్చే వీడియోలను మాత్రం నమ్మకండి. అయస్కాంతానికి అంటుకోకపోతే బంగారమే అంటారు. ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు. పైగా అసలు గొలుసు కొక్కెంలో ఉక్కు స్ప్రింగు ఉంటే అది టక్కున అంటుకుని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. భూపాలపల్లిలో బొగ్గు బావిలో పనిచేసే ఒకాయన కొడుకు, వీడియో చూసి వాళ్లమ్మ కమ్మలను గిన్నెడు వెనిగర్లో నానేసి మర్చిపోయాడు. కమ్మలు అసలువే. రాళ్లను పట్టి ఉంచిన లక్క మాత్రం ఊడింది. ఆ తల్లి ఒక చేతిలో కమ్మలు, ఇంకో చేతిలో రాళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సారు, బంగారం అసలుదే గని కొడుకే నకిలోడు" అంది.

ఇంకో మాట. మనిషిని చూసి సొమ్మును అంచనా కట్టొద్దు. మానుకోటలో ఒకరోజు తెల్ల చొక్కా, మెడలో పగ్గమంత గొలుసు ఉన్నాయన, ఆయన వెనకే తండా నుంచి వచ్చిన ఒక ముసలామె నిలబడ్డారు. ఆమె చేతులకు, కాళ్లకు అన్నీ ఇత్తడి, తెల్లలోహం. పొగాకు సంచిలోంచి ముక్కుకు పెట్టుకునే చిన్న బంగారు రింగు తీసింది. తెల్ల చొక్కా ఆయన గొలుసు గీటురాయి మీద పచ్చగా పొంగింది. ఆమె రింగు గీత చూస్తే ఆ వారంలో అంత మేలైన బంగారం రాలేదు. వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు. "యాడీ, ఇది చాలా మంచి బంగారం" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ముక్కుకు పెట్టేది కొడుకా. ఊపిరి తీసుకునే జాగల నకిలీ పెడ్తరా?" అంది.

పెద్ద గొంతు మేనేజరు

జనగామలో నా మొదటి మేనేజరు మంచివాడు. లంచం ముట్టడు, ఎవరినీ తన చుట్టూ తిప్పుకోడు. ఉన్నదొక్కటే లోపం, గొంతు. ఆయన గుసగుసలాడినా బస్టాండుకు వినిపించేది. నిజం ఎప్పుడూ నలుగురిలో గట్టిగా చెప్పాలని ఆయన సిద్ధాంతం.

ఒకసారి జఫర్‌గఢ్ వైపు నుంచి అన్నాచెల్లెళ్లు వచ్చారు. చెల్లెలి గృహప్రవేశానికి అన్న పెట్టిన గాజులు కుదువ పెట్టాలి. అన్నే తోడు వచ్చాడు. చెల్లెలి ఇంటికి తెచ్చిన సీతాఫలాల సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. గాజులు గీసి చూస్తే రెండూ గిల్టు. నేను లేచి క్యాబిన్ దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పాను.

"ఏందీ? గిల్టా? రెండూ గిల్టేనా చారీ?" అన్నాడు మేనేజరు.

బ్యాంకంతా తలలు తిప్పింది. ఆ అన్న మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. మోసం చేసినవాడి మొహమూ, మోసపోయినవాడి మొహమూ ఆ క్షణంలో ఒకేలా ఉంటాయి. అతన్ని ఏ దుకాణంవాడో ముంచి ఉంటాడని నాకు అనిపించింది. చెల్లెలికి అలా అనిపించలేదు. గాజులు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అతను "చెల్లే, చెల్లే" అంటూ వెనకే పరుగెత్తాడు. సీతాఫలాలు బెంచీ మీదే ఉండిపోయాయి.

"పండ్లు మర్చిపోయిండ్రు!" అని మేనేజరు కేకేశాడు. అదీ బస్టాండుకు వినిపించింది.

 నకిలీ తెచ్చేవాళ్లలో దొంగలు తక్కువ, మోసపోయినవాళ్లే ఎక్కువ. వాళ్లకు సంగతి చెప్పాల్సిందే, కానీ నలుగురిలో పరువు తీసి కాదు. మానుకోటకు మారాక నా పద్ధతి నేను చూసుకున్నాను.

యాకూబ్ హోటల్

మానుకోట బ్యాంకు ఎదురుగా యాకూబ్ చాయ్ హోటల్ ఉండేది. నగ గీసి చూసి నకిలీ అని తేలితే నేను ఏమీ అనేవాణ్ణి కాదు. నగను జాగ్రత్తగా వాళ్ల చేతికే ఇచ్చి, "అన్నా, జర చాయ్ తాగొద్దాం రా" అనేవాణ్ణి. ఆడవాళ్లయితే, "అక్కా, గొంతు తడుపుకుందాం రా." అక్కడ మూలబల్ల దగ్గర కూర్చోబెట్టి, సగం చాయ్ లోపలికి వెళ్లాక నెమ్మదిగా చెప్పేవాణ్ణి. కొందరు ఏడ్చేవాళ్లు, కొందరు దుకాణంవాణ్ణి తిట్టేవాళ్లు. ఎవరూ పరువు పోయిందని మాత్రం అనలేదు.

ఒక రైతు నేను నోరు తెరవక ముందే, "నాకెర్కే సారు, అసలుది అమ్మి బోరేయించిన, నీళ్లు పడలే. మా ఇంటామెకు చెప్పకు" అన్నాడు. వారం తర్వాత అదే గొలుసు పట్టుకుని వాళ్లావిడ వచ్చింది. మళ్లీ చాయ్. ఆమె సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "నాకెర్కే సారు. నాకు ఎరుకైందని ఆయనకు చెప్పకున్రి, పాపం కుమిలిపోతడు" అంది. ఆ గొలుసును ఇద్దరూ ఒకరి కోసం ఒకరు బంగారమనే చెప్పుకుంటున్నారు. నేనెందుకు మధ్యలో?

నా పద్ధతి చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. యాకూబ్ నాతో వచ్చినవాళ్లకు అడక్కుండానే చక్కెర ఎక్కువ వేసేవాడు. "ఎందుకయ్యా?" అంటే "పరేషాన్‌ల ఉన్నోళ్లు సారు, జర తియ్యగుండాలె" అనేవాడు. మంచి మనసు అనుకున్నాను. రానురాను బ్యాంకులో నేను తలెత్తి చూడగానే, "సారు, నేను చాయ్ తాగ, షుగరున్నది" అని ముందే చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ మానుకోటలో ఇంతమందికి షుగర్ ఏమిటా అని నేను బాధపడేవాణ్ణి కూడా.

ఊరంతటికీ నా గుట్టు తెలిసిపోయిందనీ, చారి సారు చాయ్‌కి పిలిచాడంటే సొమ్ము నకిలీ అని చిన్నపిల్లలకు కూడా తెలుసనీ నాకొక్కడికే తెలియదు.

సర్వరు పడిపోయిన రోజు

మిరపకాయ ఏరే రోజులు. బ్యాంకు నిండా జనం. నా కౌంటరు ముందుకు ఒకామె వచ్చి కొంగు ముడి విప్పి గుండ్ల దండ పెట్టింది. దండ కంటే ముందు మనిషిని గుర్తుపట్టాను. కౌసల్య. జనగామలో మా పక్కింటి పిల్ల. చిన్నప్పుడు మా నాయిన కుంపటి దగ్గర కూర్చుని ఊదుగొట్టం ఊది, మొహం నిండా బూడిద పూసుకునేది. నెల్లికుదురులో ఇచ్చారని విన్నాను గానీ పెళ్లయ్యాక చూడలేదు.

దండ గీసి చూశాను. చక్కటి బంగారం. మేనేజరుకు చెప్పబోతే ఆయన క్యాబిన్లోంచి చేతులెత్తేశాడు. అప్పటి మేనేజరు కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రాడు. "సర్వర్ డౌన్ అయిందండీ. ఇవాళ లోన్లు అవ్వవు. అందరూ రేపు రండి" అన్నాడు.

పనేమీ లేదు. ఎదురుగా ఎన్నేళ్లకో కనిపించిన చెల్లెలు లాంటి పిల్ల. దండ తిరిగి ఆమె చేతికిచ్చి, నవ్వుతూ, నలుగురూ వినేలా అన్నాను.

"చెల్లే, ఎన్నేండ్లయిందే! రా, చాయ్ తాగుదాం."

వరుసలో ఉన్నవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దగ్గు వచ్చిందేమో అనుకున్నాను. కౌసల్య మానుకోట మనిషి కాదు కాబట్టి సంతోషంగా నా వెంట వచ్చింది. యాకూబ్ ఆమె గ్లాసులో ఎప్పటికంటే ఇంకో చెంచా చక్కెర ఎక్కువ వేశాడు.

దండ తనది కాదని చాయ్ తాగుతూ చెప్పింది కౌసల్య. అది తోడికోడలు రజితది. "నేను అడగలేదన్నా. మిరపకాయ చేన్ల ఎర్రగయింది, కూలోళ్లకియ్యనీకె చేతుల లేదు. నా మొఖం చూసి అదే మెడల నుంచి తీసి నా కొంగుల కట్టింది. ఎరువుల సొమ్ము బరువుల చేటంటరు గని, నాకు బరువే తెల్వలే. మేం తోడికోడండ్లమని ఎవలు అనుకోరన్నా, ఒక్క తల్లి బిడ్డలనుకుంటరు."

నాకు ముచ్చటేసింది. రేపు ఇబ్బంది పడకుండా తూకం లెక్క కూడా వివరించాను. "గుండ్లల్ల లక్క ఉంటది చెల్లె, దాని తూకం తీసి లెక్క కడ్తరు, పరేషాన్ గాకు." లక్క అన్న మాట వినగానే యాకూబ్ చేతిలో చాయ్ వడపోసే జాలి గాలిలోనే ఆగిపోయింది.

మర్నాడు సర్వరు వచ్చింది, కౌసల్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎక్కడో సర్దుబాటు అయి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున తెల్ల ధోతీ, తలపాగా కట్టుకున్న పెద్దాయన సరాసరి నా కౌంటరు దగ్గరికి వచ్చి, వేలి ఉంగరంతో అద్దం మీద టకటకా కొట్టాడు. ఆ చప్పుడు నా చెవికి కొంచెం తేడాగా తగిలింది గానీ, అప్పుడు ఉంగరం గురించి ఆలోచించే పరిస్థితి కాదు.

"చారి అంటే నువ్వేనా?"

"నేనే బాపు. మీరు?"

"చిట్యాల పోశాలును. రజిత నా బిడ్డ. నా బిడ్డ దండ చూసి చాయ్ తాగిపిచ్చినవట?"

"అవు బాపు, తాగిపిచ్చిన" అన్నాను, ఏమీ తెలియక.

"విన్నరా? ఒప్పుకున్నడు!" అని పోశాలు బ్యాంకు వైపు తిరిగాడు. వరుసలో ఉన్నవాళ్లు జాలిగా తలలూపారు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటండీ ఈ గొడవ? టీ తాగించడం కూడా తప్పేనా?"

"సారుకు తెల్వదు, కొత్త" అన్నారు వరుసలోంచి.

అప్పుడు బయటపడింది నా గుట్టు నాకు. జరిగింది పోశాలు అరుస్తూ చెప్పాడు. కౌసల్య బస్సు దిగకముందే నెల్లికుదురుకు ఫోను వెళ్లింది. దండ గిల్టుదట, లోపలంతా లక్కేనట, సారు చాయ్ తాగిపించి పంపాడట. ఊళ్లో సగం మంది, పోశాలే బిడ్డకు గిల్టు పెట్టి పంపాడన్నారు. మిగతా సగం, దారిలో కౌసల్యే మార్చేసిందన్నారు. కౌసల్య ఇంటికి వచ్చి దండ తీసిస్తూ, "సర్వర్ లేదట చెల్లె, రేపు రమ్మన్నరు" అంది. రజిత దండ తీసుకుని పెట్టెలో పెట్టింది. మర్నాడు పొద్దున అరుగు మీద వేరే పొయ్యి వెలిగించింది. ఎవరి దగ్గర తింటే ఎవరికి కోపమో తెలియక అన్నదమ్ములిద్దరూ హోటల్లో ఇడ్లీలు తింటున్నారు. చేలో మిరపకాయ రాలిపోతోంది.

"బాపూ, అది అసలు బంగారం. ఒట్టు" అన్నాను.

"మరి చాయెందుకు?"

"చిన్నప్పటి చెల్లెలని..."

"అందరికి గట్లనే మెత్తగ చెప్తవట గదా. మా ఇంట్ల గిల్టన్న మాటే ఎరుగం. గిది చూడు, మా మామ నా పెండ్లిల పెట్టిన ఉంగురం. దొంగల భయానికి పండుగలకే తీస్త. ఇయ్యాల పరువు కోసం పెట్టుకొచ్చిన. నడువు! ఊర్ల అందరి ముంగట గీసి చూపియ్యాలె."

గీటురాయి, ఆసిడ్ సీసా సంచిలో వేసుకుని బయలుదేరాను. రోడ్డు దాటుతుంటే యాకూబ్ అలవాటు కొద్దీ, "సారు, రెండు చాయ్‌లా?" అని కేకేశాడు. పోశాలు చూసిన చూపుకు పొయ్యి కూడా ఆరిపోయిందనిపించింది.

నెల్లికుదురు వాకిట్లో

ముందు పాఠం చెప్పేస్తాను, ఎందుకంటే కథ అయిపోయాక పాఠం ఎవరూ వినరు. నకిలీని నేను చాటుగా చెప్పేవాణ్ణి, దానివల్ల నేను బహిరంగంగా అసలు అన్నా ఎవరూ నమ్మని రోజు వచ్చింది. ఆ తర్వాత అసలైనా నకిలీ అయినా కౌంటరు దగ్గరే, ఎదుటి మనిషికి మాత్రమే వినబడేలా, ఒకే గొంతుతో చెప్పాను. చాయ్ మానలేదు. అయితే అందరినీ తీసుకెళ్లాను, అసలువాళ్లనీ, నకిలీవాళ్లనీ. యాకూబ్ ఆ గిరాకీతో ఫ్రిజ్ కొన్నాడు. మీరూ అలాగే చేయండి.

ఇక ఆ రోజు సంగతి. వాకిలి నిండా జనం. ఇంటి గుమ్మానికి ఒక పక్క కౌసల్య, ఇంకో పక్క రజిత నిలబడ్డారు. కౌసల్య కళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూసి, "ఎంత పని చేస్తివన్నా" అని మాత్రం అంది. నాకు తల కొట్టేసినట్లయింది.

రజిత దండ తెచ్చి నా ముందు పెట్టింది. గీటురాయి మీద గీత గీశాను. ఆసిడ్ చుక్క వేశాను. గీత చెక్కుచెదరలేదు.

"చూసిన్రా? అసలుది" అన్నాను.

"ఆసిడ్ల నీళ్లు కలిపిండేమో, వాళ్ల చెల్లె గదా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనం ఔనౌనన్నారు.

"అట్లైతే మీలో ఎవరిదన్నా సొమ్ము ఇయ్యిండ్రి, పక్కన గీసి చూపిస్త" అన్నాను.

అంతే. ఆడవాళ్ల చేతులన్నీ కొంగుల కిందికి వెళ్లిపోయాయి. ఒకాయన మెడలో గొలుసు చొక్కాలోకి జారిపోయింది. అంతసేపూ ముందు వరుసలో ఉన్న ఒకామెకు మేకలు గుర్తొచ్చాయి. వాకిలి మధ్యలో నేను, నా రాయి తప్ప చుట్టూ ఒక బంగారపు తునక కూడా కనిపించలేదు.

"థూ మీ బతుకులు!" అన్నాడు పోశాలు. వేలి ఉంగరం పీకి నా చేతిలో పెట్టాడు. "గీ ఉంగురం గియ్యి. అసలుకు అసలు ఎట్లుంటదో చూపియ్యి వీళ్లకు."

పాత గీత తుడిచేసి దండతో ఇంకోటి గీశాను. దాని పక్కనే ఉంగరంతో ఒకే చోట రెండుసార్లు గట్టిగా గీశాను. రెండింటి మీదా ఆసిడ్ వేశాను. రాయి మీదికి వంగి చూస్తున్నది నేనూ పోశాలూ ఇద్దరమే. దండ గీత అలాగే ఉంది. ఉంగరం గీత పచ్చగా పొంగి, చూస్తుండగానే మాయమైంది.

 నిజం చెబితే, మామ పెట్టిన ఉంగరమని ఇన్నేళ్లు మీసం తిప్పిన ముసలాయన పరువు అల్లుడి ఊళ్లో పోతుంది. చెప్పకపోతే కౌసల్య దొంగగా మిగులుతుంది, ఆ రెండు పొయ్యిలూ మళ్లీ కలవవు. తెలియకుండానే నా నోటికి పాత అలవాటు వచ్చేసింది.

"బాపూ, జర చాయ్..."

సగంలోనే నాలుక కరుచుకున్నాను. పోశాలు నా మొహం చూశాడు. రాయి చూశాడు. అర్థమైంది ఆయనకు.

"ఒక్క గీతే ఉన్నది, ఇంకోటి పోయింది!" అని వెనకనుంచి ఎవరో మెడ సాచి అరిచారు. "చెప్తినా? దండదే పోయింది!"

పోశాలు లేచి నిలబడ్డాడు. 

"పోయింది నాది!" అని గర్జించాడు. "దండది గట్లనే ఉన్నది. దమ్మున్నోడు అచ్చి చూసుకోండ్రి. పోయింది నా ఉంగురానిది. నా బిడ్డ దండ అసలుది, దాన్ని జాగ్రత్తగ తీస్కపోయి జాగ్రత్తగ తెచ్చిన కౌసల్యా అసలుది."

 ముసలాయన ఒక్క క్షణం ఆగి, ఆకాశం వైపు చూసి చెయ్యి జోడించాడు. "మామా! యే లోకాన ఉన్నవో గని, ఇన్నేండ్లకు నాకు చాయ్ తాగిపిస్తివి గదయ్యా!"

వాకిలి పగిలిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో ఎవరూ గమనించలేదు గానీ రజిత అరుగు దగ్గరికి వెళ్లి, పొయ్యి మీది గిన్నె దించి, చెంబెడు నీళ్లు పోసి మంట ఆర్పింది. తిరిగొచ్చి కౌసల్య ముందు నిలబడింది.

"నిన్నడుగుడు చాతగాక పొయ్యి ఏరుపెట్టిన అక్కా. తప్పయింది."

కౌసల్య నా రాయి పక్కనున్న దండ తీసుకుని రజిత మెడలో వేసింది. రజిత వెంటనే దాన్ని తీసి, మొన్నటిలాగే కౌసల్య కొంగున ముడివేసింది. "రేపు పో. మిరపకాయ రాలుతుంది" అంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కాసేపటికి రజిత పళ్లెంలో చాయ్ గ్లాసులు పట్టుకొచ్చింది. నా పక్కన కూర్చుని చాయ్ తాగడానికి నెల్లికుదురులో ఒక్కరికీ ధైర్యం చాలలేదు, అందరికీ ఒకేసారి షుగర్ వచ్చింది. కౌసల్య కూడా, "నాకొద్దు చెల్లె, మొన్న తాగినదే ఇంకా అరగలే" అంది. రజిత వినకుండా సాసర్లో పోసి నోటి దగ్గర పెట్టింది.

పోశాలు మాత్రం నా పక్కన చతికిలబడి గ్లాసు అందుకున్నాడు. ఊదుకుంటూ తాగాడు. తాగాక, నా రాయి పక్కన పడి ఉన్న ఉంగరం తీసి, ధోతీ అంచుతో తుడిచి, మళ్లీ వేలికి ఎక్కించుకున్నాడు.

"ఇంకా ఎందుకు బాపు, తీసెయ్యరాదూ?" అన్నాను మెల్లగా.

"ఎందుకు తీస్త? మా మామ పెట్టింది" అన్నాడు పోశాలు, చెయ్యి చాచి వెలుగులో ఉంగరం తిప్పి చూసుకుంటూ. "ఇన్నొద్దులు దొంగల భయానికి పెట్టెల పెట్టిన. ఇగ రోజూ పెట్టుకుంట."